మెహిటబెల్ గోడ

తొమ్మిదయింది. పదింటికి తలుపులు తీస్తారు. పదింటికే అక్కడ హాస్పిటల్లో కాగితాల ఆవిడ వచ్చి, పిల్ల పేరు రాసిన ఫారం నా కొడుకు వెస్ చేతిలోంచి తీసుకుపోతుంది. ఈ లోపల నేను వాడికి అవునో కాదో చెప్పాలి, చెప్పాలంటే ఏదో ఒకటి అనిపించాలి, నాకేమో పద్నాలుగు నెలలుగా ఏమీ అనిపించడం లేదు. వాడి కూతురు పుట్టి మూడు రోజులైంది. దానికి టెస్సా అని పెడతారట. టెస్సా నా కూతురు, వెస్‌కి చెల్లెలు, పంతొమ్మిదేళ్ళది, కాలేజీ హాస్టల్లో మెదడు జ్వరం వచ్చి రెండు రోజుల్లో పోయింది. ఈ వాక్యం నేను ఎన్నిసార్లు చెప్పానంటే ఇప్పుడు బస్సు నంబరు చెప్పినంత తేలిగ్గా చెప్పగలను. నిన్న సాయంత్రం వెస్ ఫోన్ చేసినప్పుడు కూడా ఇలాగే బిగుసుకుపోయి కూర్చున్నాను. చల్లకొచ్చి ముంత దాచడం వాడికి చేతకాదు, హలో అనగానే విషయంలోకి వచ్చేశాడు. "అమ్మా, పిల్లకి టెస్సా పేరు పెడదామనుకుంటున్నాం. నడీన్ కూడా సరే అంది. నువ్వు ఊఁ అంటేనే." నడీన్ నా కోడలు. మీ ఇష్టం నాన్నా అన్నాను. "మా ఇష్టం కాదమ్మా, నీ ఇష్టం అడుగుతున్నా." ఆలోచించి చెప్తానన్నాను. రాత్రంతా ఆలోచించాననుకుంటాడు కాబోలు. నిజానికి శుభ్రంగా నిద్రపోయాను. అదే నాకు భయంగా ఉండాల్సింది, అది కూడా లేదు.

నా ఉద్యోగం కుర్చీలో కూర్చోవడం. మ్యూజియంలో కాపలా. వస్తువుల మీద ఎవరైనా చెయ్యి వేస్తే "ముట్టుకోకండి" అనడం, బాత్రూమ్ ఎటు అంటే అటు అని చూపించడం, అంతే. టెస్సా పోయిన నాలుగు నెలలకి చేరాను, ఎందుకంటే ఇంట్లో కూర్చోవడం కంటే బయట కూర్చోవడం మర్యాదగా ఉంటుంది, పైగా ఇక్కడ నోరు మూసుకుని కదలకుండా ఉంటే పని బాగా చేస్తోందంటారు. ఇవాళ మొదలయ్యే ప్రదర్శన పేరు వెదర్‌బీ స్త్రీలు. ఈ ఊళ్ళో వెదర్‌బీ అనే మాట తగలకుండా పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం: వెదర్‌బీ రోడ్డు, వెదర్‌బీ బడి, వెదర్‌బీ రేవు. నేను చదివింది ఆ బడిలోనే, మా అమ్మ ముప్పై ఏళ్ళు చేపలు కోసింది ఆ రేవులోనే. ఓడలు వెదర్‌బీలవి, గవర్నరు వెదర్‌బీ, ఇంగ్లీషు రాజు మీద తిరగబడ్డవాడు కూడా వెదర్‌బీయే. మగవాళ్ళందరూ విగ్రహాలై గుర్రాల మీదో రాళ్ళ మీదో ఎక్కి ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం రెండు వందల ఏళ్ళు అటకమీది పెట్టెల్లో ఉన్నారు, ఇప్పుడు దించి దులిపి అద్దాల్లో పెట్టారు. సూదుల డబ్బా, పురిటి టోపీలు, పచ్చళ్ళు పెట్టే పద్ధతులు రాసుకున్న పుస్తకం, చచ్చిపోయినవాళ్ళ జుట్టుతో అల్లి మెడ దగ్గర పెట్టుకునే పిన్ను. ఆ పిన్నులో జుట్టు ఇంకా గోధుమరంగులో మెరుస్తోంది. టెస్సా దువ్వెన మా బాత్రూమ్‌లో అలాగే ఉంది, దాన్ని తీయమని ఎవరూ అనలేదు, నేనూ తీయలేదు, దాని పక్కనే నా దువ్వెన పెట్టుకుని రోజూ తల దువ్వుకుంటాను, నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు.

నా కుర్చీకి ఎదురుగా ఉన్నది మెహిటబెల్ గోడ. ప్రదర్శనంతటికీ పెళ్ళికూతురు ఈ గోడే. ఎడమ పక్క ఒక అక్షరాలగుడ్డ, ఆ రోజుల్లో ఆడపిల్లలకి కుట్టు నేర్పుతూ అక్షరాలూ నేర్పేవాళ్ళు కదా, అలాంటిది, అడుగున చిన్న ఇల్లు, ఇంటి కంటే పెద్ద పిట్ట, "తొమ్మిదేళ్ళ మెహిటబెల్ వెదర్‌బీ దీన్ని ముగించెను, 1771" అని ఎర్రదారం. మధ్యలో ఒక పటం, నీలం గౌను, పొడుగు ముక్కు, నవ్వు అప్పుగా అడిగినా ఇచ్చేలా లేని మొహం. కుడిపక్క ముసలితనంలో మేనకోడలికి రాసిన ఉత్తరం. ఒక స్త్రీ జీవితం మూడు మెట్లలో, అని పైన పెద్ద అక్షరాలు. మూడు వారాలు, గోడకి సున్నం వేసిన రోజు నుంచీ, నేను దీని ఎదురుగా కూర్చున్నాను. పటం తగిలించేటప్పుడు ఒక చెయ్యి తక్కువైతే నన్ను పట్టుకోమన్నారు, అందరూ ముందు వైపు నుంచి వంకరగా ఉందేమోనని చూస్తుంటే నా మొహం మాత్రం వెనక చెక్కకి ఆనింది, చెక్క మీద సిరాతో రాసి ఉంది, "ఇరవై రెండేళ్ళు, 1796." బడిలో లెక్కల్లో నేను ఏనాడూ మొదటి వరసలో లేను, కానీ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం పని, తీసివేత చేశాను. 1774లో పుట్టింది. 1771లో గుడ్డ కుట్టింది. పుట్టడానికి మూడేళ్ళ ముందు. ఎన్నిసార్లు తీసివేసినా అంతే వచ్చింది.

ఈ మాట పక్క గదిలో కాపలా ఉండే ఆర్విల్‌తో అన్నాను. నలభై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు, ఊళ్ళో సగం మందిని బస్సులోంచి దించేస్తానని బెదిరించినవాడు. "పుట్టకముందే కుట్టిందంటావా? వెదర్‌బీలు కదమ్మాయ్, అన్నీ ముందే మొదలెడతారు," అన్నాడు. నేను నవ్వలేదు. "పోనీలే, నీకు నవ్వొచ్చే దాకా రోజుకొకటి చెప్తా, నాకు మాత్రం ఏం పని," అన్నాడు. నేను చేరినప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాడు, పది నెలలుగా. ప్రదర్శన పెట్టిన ఎలోయిస్‌కి కూడా చెప్పాను, పెద్ద చదువులు చదివినమ్మాయి, నా కూతురి కంటే పదేళ్ళు పెద్దదేమో. "ఆ రోజుల్లో పటాలు వేసేవాళ్ళు ఆడవాళ్ళ వయసు తగ్గించి రాసేవాళ్ళండీ, మర్యాదకి," అంది. ఆవిడ దగ్గర ఉన్నది వెదర్‌బీల మనవడొకడు నూరేళ్ళ కిందట కుటుంబ బైబిల్లోంచి శుభ్రంగా ఎత్తి రాసిన పుట్టుకల పట్టిక, అందులో ఒక్కతే మెహిటబెల్, 1762. అయితే పటంలో మనిషికి ముప్పై నాలుగేళ్ళా, అన్నాను. "ఆ పొడుగు ముక్కు చూడండి, ఉంటాయి," అంది. అప్పుడు ఊరుకున్నాను. నాకెందుకు. కానీ నిన్న, వెస్ ఫోన్ పెట్టేశాక, నాకే తెలియకుండా ఎలోయిస్‌కి మెసేజ్ పెట్టాను, అసలు బైబిల్లో ఆ పేజీ ఒక్కసారి తిప్పి చూడండి అని.

ఇందాకే ఎలోయిస్ వచ్చింది. అప్పటికి తొమ్మిదికి పది నిమిషాలుంది, చేతులు కడుక్కుని తుడుచుకుంటూ వచ్చి అద్దం తాళం తీసింది. బైబిల్ ఇన్నాళ్ళూ గవర్నరు సంతకం ఉన్న పేజీ దగ్గర తెరిచి ఉంది, ఆడవాళ్ళ ప్రదర్శనలో కూడా సంతకం ఆయనదే. దూదిపరుపు మీద పసిబిడ్డని తిప్పినట్టు ఒక్కొక్క పేజీ తిప్పింది. నేను పక్కన నిలబడ్డాను. జెరూషా వెదర్‌బీ రాత, తొమ్మిది మందిని కన్న తల్లి, ముత్యాల్లా రాసింది. మెహిటబెల్, మార్చి 1762. కింద ఇంకెవరో మగపిల్లలు. మెహిటబెల్, జనవరి 1773. దాని కిందే, మెహిటబెల్, ఆగస్టు 1774.

"ముగ్గురా?" అంది ఎలోయిస్.

చావుల పేజీ తిప్పింది. మొదటిది గొంతు జబ్బుతో, 1771 నవంబరులో, గుడ్డ ముగించిన ఏడాదే. రెండోది పదకొండు రోజులు బతికింది. మూడోది పటంలో మనిషి. మనవడు పట్టిక రాస్తున్నప్పుడు ఒకే పేరు మూడుసార్లు కనపడేసరికి ముసలావిడ చేయి తప్పిందనుకుని మొదటిది ఉంచి మిగిలినవి ఎగరగొట్టాడు. "పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకి పెట్టడం ఇక్కడ ఇంటింటా ఉన్నదేనండీ, నాకు తెలుసు, నేను దాని మీద పాఠం కూడా చెప్పాను," అంది ఎలోయిస్, ఆవిడ మొహం పాలిపోయింది. "తెలిసి తెలిసి ముగ్గుర్ని ఒకత్తిని చేశాను. గంటలో జనం వస్తారు. గోడంతా తప్పే." బైబిల్‌ని ఆ పేజీ దగ్గరే ఉంచి, తాళం వేసి, పరుగులాంటి నడకతో పైకి వెళ్ళింది కొత్త లేబుల్ రాయడానికి. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "థాంక్స్ లొరేన్, మీరు చెప్పకపోతే..." అంది. ఫరవాలేదన్నాను. ఆవిడకి టెస్సా సంగతి తెలియదు. ఈ మ్యూజియంలో ఆర్విల్‌కి తప్ప ఎవరికీ తెలియదు, అందుకే ఇక్కడ నాకు హాయి.

తొమ్మిదీ ఇరవై. వాన మొదలైనట్టుంది, పై అద్దాల మీద చప్పుడు. జెరూషా ఆ మూడో పేరు రాస్తున్నప్పుడు చెయ్యి వణికిందా అని ఆ అక్షరాలనే చూస్తున్నాను, వణకలేదు, మొదటి దానికెంత గుండ్రంగా ఉందో మూడో దానికీ అంతే గుండ్రంగా ఉంది, నీకూ ఏమీ అనిపించేది కాదా తల్లీ. ఎందుకు పెట్టావు. ఎందుకేముంది, పిలవడానికి. నాకు తెలుసు ఆ సంగతి. మెట్ల కింద నిలబడి "టెస్సా, చల్లారిపోతోందే" అని పంతొమ్మిదేళ్ళు అరిచిన గొంతు ఇది, ఆ అరుపుకి గొంతులో ఒక దారి పడిపోయి ఉంటుంది, ఇప్పుడు ఆ దారిలో ఎవరూ నడవడం లేదు. ఇంట్లో ఆ పేరు ఎవరూ అనడం లేదు. మా ఆయన ఆర్నీ అనడు, దోమతెరల తలుపులు ఊడదీసి మళ్ళీ బిగిస్తూ ఉంటాడు. చర్చివాళ్ళు అనరు, "మీ అమ్మాయి" అంటారు. మొదటి నెలంతా వంటకాల గిన్నెలు తెచ్చి గుమ్మంలో పెట్టారు, మాకరోనీ, బంగాళాదుంపలు, మళ్ళీ మాకరోనీ, ప్రతి గిన్నె అడుగున టేపు అతికించి ఎవరి గిన్నెనో పేరు రాసి ఉంటుంది, తిరిగి ఇవ్వాలిగా. మూడు గిన్నెలు ఇంకా ఇవ్వలేదు. ఇవ్వడానికి వెళ్తే లోపలికి రమ్మంటారు. వాటిలో నేను వండనూ లేను, వాళ్ళ పేర్లున్నాయి కదా. అలా బోర్లించి ఉన్నాయి. అయితే జెరూషాకి అంతే అయి ఉంటుంది, పేరు బోర్లించి ఉంచలేకపోయింది, రోజుకి నాలుగుసార్లు నోరారా పిలుచుకోవాలనుకుంది, పిలిస్తే ఎవరో ఒకరు పరుగెత్తుకు రావాలనుకుంది. అవునని చెప్పేస్తే సరిపోతుంది. వచ్చే ఏడాదికి "టెస్సాకి పళ్ళొచ్చాయి" అంటాడు వెస్. "టెస్సాకి జలుబు తగ్గింది." టెస్సాకి తగ్గింది, ఆ మాట ఎవరైనా నాతో అంటే ఎలా ఉంటుందో అని మెల్లగా పెదాలతో అని చూశాను. హాస్పిటల్లో డాక్టరు రెండో రోజు పొద్దున నాతో అనవలసిన మాట అది.

ఏమీ అనిపించలేదు. కాళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే. లేచి నాలుగడుగులు వేశాను, కాపలావాళ్ళు గంటకోసారి లేవాలని రూలు. ఉత్తరం ముందు ఆగాను. మూడో మెహిటబెల్ అరవై దాటాక రాసింది, చేతిరాత కోళ్ళు కెలికినట్టుంది, తల్లి రాత రాలేదు. మూడు వారాలుగా ఈ ఉత్తరాన్ని ఎదురుగా పెట్టుకుని కూడా నేను కింద లేబులే చదివాను, అది చదవడం తేలిక. "హాల్లో ఉన్న గుడ్డని నువ్వు అంత మెచ్చుకున్నావు. ఆ మెప్పు నాకు రాకూడదు. నేనెప్పుడూ అంత బాగా చెయ్యలేకపోయాను, మా అమ్మకి ఆ సంగతి తెలుసు. నీకు కావాలంటే తీసుకుపో." కింద లేబుల్: "ఆనాటి స్త్రీల వినయానికి ఈ వాక్యాలే సాక్ష్యం." వినయమట. మా దగ్గర వినయం ఒక రోగం, ఎవరైనా నిజం చెప్పినా వినయమే అనుకుంటాం, మా అమ్మ చేతివేళ్ళు రెండు చేపలకత్తికి తెగినప్పుడు "పెద్దదేం కాదు" అంటే అందరూ ఎంత ధైర్యమో అన్నారు, కట్టు కట్టినవాళ్ళు లేరు. ఈవిడ చెప్పింది వినయం కాదు. అది నేను కుట్టలేదు, నేను ఆవిడని కాను అని చెప్పింది. ఎన్నేళ్ళు ఆ హాల్లోంచి నడిచిందో, తన పేరే గోడ మీద, తనకి రాని కుట్టు. వచ్చిన చుట్టాలందరూ "తొమ్మిదేళ్ళకే ఎంత పనితనం" అంటుంటే పక్కన నిలబడి ఉంటుంది, తల్లి కాదనదు. పిలిచినప్పుడల్లా పరుగెత్తుకు వెళ్ళి ఉంటుంది, వెళ్ళినప్పుడల్లా తల్లి కళ్ళు ఒక్క క్షణం తన వెనక్కి చూసి ఉంటాయి, ఇంకెవరో వస్తున్నారేమోనని. అందుకే కాబోలు పటంలో ఆ మొహం. మధ్యలో పదకొండు రోజులది, దాన్ని పేరు పెట్టి పిలిచే టైము కూడా ఉండి ఉండదు.

నేనూ వెనక్కి చూస్తాను. ఇది నాకు అద్దంలో కనపడినంత స్పష్టంగా తెలుసు. ఆ పిల్ల నడిచి వస్తుంది, టెస్సా అని నేనే పిలుస్తాను, వచ్చిన పిల్ల నెత్తి మీదుగా చూస్తాను. దానికి అయిదేళ్ళకల్లా అర్థమైపోతుంది. పిల్లలకి అర్థం కానిదేమీ ఉండదు, టెస్సాకి నాలుగేళ్ళప్పుడు కుక్క చచ్చిపోతే దూరంగా పల్లెలో ఫారానికి పంపామని చెప్పాం, "ఫారంలో దానికి గిన్నె అక్కర్లేదా, గిన్నె ఇక్కడే ఉందిగా," అంది. ఆర్నీ గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు. తర్వాత నవ్వుకున్నాం. దాని గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి నాకు ఇప్పుడు కొంచెం టైము పడుతోంది, మొదట్లో పట్టేది కాదు. ఇంకో టెస్సా వచ్చి గలగలా మాట్లాడుతుంటే ఏ గొంతు ఏదో తెలియక నేను కూడా ఆ వెదర్‌బీ మనవడిలాగే ఒకటి ఉంచి ఒకటి ఎగరగొట్టేస్తాను. ఏది ఉంచుతానో కూడా తెలుసు, బతికున్నదే. బతికున్నవాళ్ళు గట్టిగా ఏడుస్తారు, గెలుస్తారు.

పదికి నాలుగు నిమిషాలుంది. ఆర్విల్ తాడు తీయడానికి వచ్చాడు, ద్వారానికి అడ్డంగా కట్టిన ఎర్రతాడు, అది తీసి కొక్కేనికి తగిలించడం అతనికి పెద్ద పండగ. "బయట గొడుగులు చూశావా, వంతెన దాకా లైను. సగం మంది వెదర్‌బీలే, తమ నాయనమ్మల్ని చూసుకోడానికి..." అంటూ నన్ను చూసి ఆగాడు. "ఏమైందమ్మాయ్?"

"ఫోన్ చేసుకోవాలి ఆర్విల్. ఇక్కడ చెయ్యకూడదు కదా."

"చేసుకో. నేనేం చూడలేదు. చూసినా ముసలాణ్ణి, రేపటికి గుర్తుండదు." వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు, వీపు గోడలా పెట్టి.

నొక్కాను. వెస్ మొదటి మోతకే ఎత్తాడు. అటు వైపు ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది, కుర్చీ జరిగిన చప్పుడు, కాగితాల ఆవిడ ముందే వచ్చేసినట్టుంది.

"అమ్మా?"

ఏం చెప్పాలో ఇంకా నిర్ణయించుకోలేదనే అనుకుంటున్నాను, మాట మాత్రం దానంతటది వచ్చింది. "ఆ పేరు ఖాళీగా లేదురా."

అటు నుంచి ఒక చప్పుడు, వాడికి పన్నెండేళ్ళు వచ్చాక నేను వినని చప్పుడు, నా కొడుకు ఏడుస్తున్నాడు. తప్పు చేశానా అనుకున్నాను. పుండు మీద కారం చల్లానా అనుకున్నాను.

"హమ్మయ్య," అన్నాడు. "హమ్మయ్య అమ్మా. నీకు కావాలేమో, నీకు కాస్త మంచిగా అనిపిస్తుందేమో అని... నేనే అన్నాను ముందు. నడీన్ కూడా నీకోసమే సరే అంది. మూడు రోజుల్నుంచి దాన్ని ఆ పేరుతో పిలవడానికి మాకిద్దరికీ నోరు రావట్లేదు. 'ఇదిగో' అంటున్నాం. ఇదిగో ఏడుస్తోంది, ఇదిగో నిద్రపోయింది అని. దాన్ని ఆ పేరుతో పిలుస్తూ పిలుస్తూ మన టెస్సాని మర్చిపోలేనమ్మా."

"మర్చిపోవద్దు," అన్నాను.

"ఇంకో పేరేదీ అనుకోలేదు. ఈ కాగితాల ఆవిడ పదిరోజులు గడువుందంటోంది."

"మెల్లగా పెట్టుకోండి. తొందరేముంది."

మూడు రోజులు. బరువెంతో అడగలేదు. జుట్టుందా లేదా అడగలేదు, పాలు తాగుతోందా అడగలేదు, నడీన్ ఎలా ఉందని మొక్కుబడికి అడిగాను. వాడు పంపిన ఫొటోలు తెరవలేదు, తెరిస్తే ఏం కనపడుతుందో అని. నా మనవరాలి గురించి నాకు తెలిసింది దాని పేరొక్కటే, అదీ ఇప్పుడు దానిది కాదు. ఆర్విల్ వీపు అవతల ద్వారం తెరుచుకుంది, గొడుగులు విదిలిస్తున్న చప్పుడు, తడి బూట్లు, ఎవరో పిల్ల "ఇక్కడ ఏం ముట్టుకోవచ్చు?" అని అడుగుతోంది.

"ఎవరి పోలిక?" అన్నాను.

ముక్కు ఎగపీల్చాడు. దాని వైపు వంగి చూస్తున్నట్టున్నాడు. "మేమూ అదే వెతుకుతున్నాం. నాలా లేదు, నడీన్‌లా లేదు. టెస్సాలా కూడా లేదమ్మా, చెవులు చూశాను, చేతులు చూశాను, నిజంగా వెతికాను. ఎవరి పోలికా లేదు. కొత్త మొహం."

కాపలావాళ్ళు జనం ఉండగా కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చోకూడదు, కూర్చున్నాను. మొహం తడిసింది, తుడుచుకోలేదు.

"వెస్, దాన్ని నాకు చూడాలనుంది," అన్నాను.